ఆ ఫోటోలో పియానో కూడా ఉందండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో అరీథా ఫ్రాంక్లిన్ మీద వేసిన వ్యాసం చదివాను. ముందుగా థాంక్స్ అండీ, తెలుగు పేపర్లో ఒక అమెరికన్ సోల్ సింగర్ కి (సోల్ అంటే చర్చి పాటల్లోంచి పుట్టిన నల్లవాళ్ళ సంగీతం) పేజీ మొత్తం ఇచ్చారంటే మామూలు విషయం కాదు, ఆ చోట్లో ఇంకో సినిమా ఇంటర్వ్యూ వేసుకున్నా మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. కానీ చదివి పక్కన పెట్టాక కూడా రెండు రోజులు అదే బుర్రలో తిరుగుతోంది, ఎవరితో చెప్పినా వదిలెయ్ అంటున్నారు, వదిలెయ్యలేక ఈ ఉత్తరం రాస్తున్నా. కాస్త పొడుగే. కట్ చేస్తే మీ ఇష్టం, చివర్లో అడిగిన రెండు సవరణలు మాత్రం ఉంచండి.

పేజీ మధ్యలో మీరు వేసిన పెద్ద బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉంది చూడండి, దాంతోనే మొదలుపెడతా. ఆవిడ పియానో ముందు కూర్చుని ఉంది, రెండు చేతులూ కీస్ మీద ఉన్నాయి, మెడ పక్కకి తిప్పి మైకులో పాడుతోంది. కింద మీరు రాసింది "గానామృతం పంచుతున్న అరీథా". సరే బానే ఉంది. వ్యాసంలో "దేవుడిచ్చిన గొంతు" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. పియానో అన్న మాట ఒక్కసారైనా వస్తుందేమో అని మళ్ళీ మొదటినుంచి వెతికాను, రాలేదు. గొంతు దేవుడిచ్చాడు, ఒప్పుకుంటా, మరి ఆ కార్డ్స్, అదే, పియానో మీద కలిపి నొక్కే ఆ స్వరాల గుత్తులు, ఎవరిచ్చారండీ?

నేనేం పెద్ద విద్వాంసుణ్ణి కాదు. కీబోర్డ్ కాస్త వాయిస్తా, ఆవిడ పాటలు పెట్టుకుని ఎడమ చెయ్యి ఏం చేస్తోందో పట్టుకోవాలని ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నవాణ్ణి, అందుకే ఈ బాధ అంతా. పాడేవాళ్ళు వేరు వాయించేవాళ్ళు వేరు అని మనకో లెక్క ఉంటుంది కదా, ఆవిడ విషయంలో ఆ లెక్క అస్సలు పనికిరాదు. వాయిస్తూ పాడితే ఆవిడ వేరే మనిషి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఆవిడ కెరీర్ ఎక్కడ ఆగిందో ఎక్కడ లేచిందో చూస్తే తెలిసిపోతుంది.

మీ వ్యాసంలో బాల్యం అంతా కన్నీళ్ళే. నిజమే, కష్టాలు ఉన్నాయి. 1942 మార్చి 25న మెంఫిస్ లో పుట్టింది, చిన్నప్పుడే కుటుంబం డెట్రాయిట్ చేరింది, ఆరేళ్ళప్పుడు అమ్మానాన్న విడిపోయారు, అమ్మ బార్బరా బఫెలో వెళ్ళిపోయింది, 1952లో ఆమె గుండెపోటుతో పోయేసరికి పిల్లకి పదో పుట్టినరోజు ఇంకా రాలేదు. పన్నెండేళ్ళకే తల్లయింది కూడా. ఇవన్నీ రాసి మీ రచయిత "ఈ దుఃఖమే సోల్ అయింది" అని తేల్చేశారు. కష్టాలు పడ్డవాళ్ళు లోకంలో కోట్లమంది ఉన్నారండీ, వాళ్ళందరూ అలా పాడలేదు కదా! ఆ ఇంట్లో దుఃఖంతో పాటు ఇంకేం ఉందో చూడాలి. నాన్న సి.ఎల్. ఫ్రాంక్లిన్ న్యూ బెథెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్, ఆయన ప్రసంగాలు రికార్డులుగా అమ్ముడయ్యేవంటే ఎంత పేరో ఊహించుకోండి. ఆయన ప్రసంగం మాటలతో మొదలై పోనుపోను రాగంలోకి వెళ్ళిపోతుంది, ఎక్కడ మాట ఆగి ఎక్కడ పాట మొదలైందో పట్టుకోలేం. అమ్మ స్వయంగా గాస్పెల్, అంటే చర్చి భక్తి పాటలు, పాడేది, పియానో వాయించేది. మహాలియా జాక్సన్, క్లారా వార్డ్, జేమ్స్ క్లీవ్‌లాండ్, సామ్ కుక్ లాంటి పేరున్న గాస్పెల్ గాయకులు ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళు. నాన్న ఒక పియానో టీచర్ని పెడితే ఈవిడ ఆ టీచర్ వచ్చే టైంకి దాక్కునేదట, ఆ చిన్నపిల్లల పాఠాలు నచ్చక. చెవితో విని నేర్చేసుకుంది. నోట్ చూసి వాయించటం ఎప్పుడూ ఆవిడ దారి కాదు. 1956లో, 14 ఏళ్ళకే, నాన్న చర్చిలో రికార్డ్ చేసిన గాస్పెల్ ఆల్బమ్ వచ్చింది, అందులో కూడా పియానో తనదే, ఒక్కసారి వినండి, ఆ పిల్ల గొంతు సంగతి అందరూ చెబుతారు, నేను మాత్రం ఆ ఎడమ చెయ్యి వినమంటాను.

తర్వాత కొలంబియా అనే రికార్డు కంపెనీ. 1960లో అక్కడి ప్రొడ్యూసర్ జాన్ హామండ్ ఆవిడతో కాంట్రాక్ట్ మీద సంతకం చేయించాడు, జాజ్ గాయని బిల్లీ హాలిడేని మొదటగా రికార్డింగ్ కి తెచ్చినాయన, చెవి ఉన్న మనిషే, అందులో డౌట్ లేదు. మొదట్లో కొన్ని పాటలకి ఆవిడే వాయించింది కూడా. కానీ కంపెనీకి ఆవిడతో ఏం చెయ్యాలో తెలీలేదు, ఒకసారి జాజ్ అన్నారు, ఇంకోసారి బ్రాడ్వే పాటలన్నారు, వెనకాల వయొలిన్లు పెట్టి ముందు మైకు దగ్గర నిలబెట్టారు. సుమారు ఆరేళ్ళలో అమెరికా హిట్ పాటల పట్టికలో టాప్ 40లోకి వెళ్ళింది ఒక్కటంటే ఒక్క పాట. ఇక్కడ మీ రచయిత "అదృష్టం కలిసిరాలేదు" అని రాశారు. అదే గొంతు అండీ, అదే దేవుడు ఇచ్చిన అదే గొంతు, అప్పుడూ ఉంది కదా! గొంతు ఒక్కటే చాలితే ఆ ఆరేళ్ళు ఎందుకు అలా గడిచాయి?

1966 చివర్లో అట్లాంటిక్ రికార్డ్స్ కి మారింది. జెర్రీ వెక్స్‌లర్ అనే ప్రొడ్యూసర్ చేసిన పెద్ద పని ఏంటంటే ఆవిడని పియానో దగ్గర కూర్చోబెట్టటం. అంతే. వినటానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది.

1967 జనవరిలో అలబామాలో మజిల్ షోల్స్ అనే చిన్న ఊరు, ఫేమ్ అనే స్టూడియో, వాయించేవాళ్ళంతా దాదాపు తెల్లవాళ్ళు, దక్షిణాది పల్లెటూరి కుర్రాళ్ళు, వచ్చింది డెట్రాయిట్ నుంచి ఒక నల్ల పాస్టర్ గారి కూతురు, 24 ఏళ్ళు, పెద్దగా మాట్లాడే మనిషి కూడా కాదు. ఆవిడ పియానో దగ్గర కూర్చుని వాయించటం మొదలుపెట్టగానే మిగతావాళ్ళు ఆ దారిలోకి వచ్చేశారు. స్పూనర్ ఓల్డ్‌హామ్ వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద ఆ గునిసే చిన్న ముక్క వాయించాడు చూడండి, 'ఐ నెవర్ లవ్డ్ ఎ మాన్' పాట మొదట్లో మీకు వినపడేది అదే, దాని మీదకి ఆవిడ పియానో, ఆవిడ గొంతు దిగుతాయి. ఆ ఒక్క పాట అయింది, రెండోది సగంలో ఉండగానే ఆవిడ అప్పటి భర్త టెడ్ వైట్ కీ అక్కడి వాళ్ళకీ గొడవ, రాత్రి హోటల్లో అది ఇంకా ముదిరింది, తెల్లారేసరికి అందరూ ఎవరి దారిన వాళ్ళు. వారం అనుకున్న పని ఒక్క రోజుతో సరి. ఆ గొడవ గురించి మీ పేజీలో పావు భాగం ఉంది. ఆ సగం పాట తర్వాత ఏమైందో మాత్రం లేదు. న్యూయార్క్ లో ఆవిడే పియానో, ఆర్గాన్ వేసి, చెల్లెలు కెరొలిన్, అక్క ఎర్మాతో కలిసి వెనక గొంతులు కూడా పాడి ఆ పాటని పూర్తి చేసింది. 'డు రైట్ వుమన్' అంటే అదే. గొడవకన్నా ఇది ఆసక్తిగా లేదా అండీ, లేక నాకే అలా అనిపిస్తోందా?

ఇక 'రెస్పెక్ట్'. మీరు "ఆమె రాసి పాడిన" అని వేశారు. కాదండీ. రాసింది ఓటిస్ రెడ్డింగ్. 1965లో ఆయనే పాడి రిలీజ్ చేశాడు, అది హాట్ 100 అనే ఆ హిట్ పాటల పట్టికలో 35 దాకా వెళ్ళింది. ఆయన పాటలో ఒక మగాడు పని చేసి ఇంటికొచ్చి నాకు మర్యాద ఇవ్వు చాలు అని అడుగుతాడు. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్ స్టూడియోలో అరీథా అదే పాటని తిప్పి పాడింది, ఈసారి అడిగేది ఆడమనిషి, అడగటం కూడా బతిమాలుకున్నట్టు ఉండదు, బాకీ వసూలు చేస్తున్నట్టు ఉంటుంది. అయితే ఆడ మగ మారటమే అసలు తేడా అనుకుంటే సగమే పట్టుకున్నట్టు. రెస్పెక్ట్ అన్న మాటని అక్షరం అక్షరం విడగొట్టి స్పెల్లింగ్ చెప్పటం ఉంది కదా, లోకమంతా పాడుకునేది, అది ఓటిస్ పాటలో లేదు. వెనక నుంచి అక్కచెల్లెళ్ళు టకటకా అందుకునే ఆ మాటలు లేవు. మధ్యలో కింగ్ కర్టిస్ శాక్సోఫోన్ వచ్చే భాగం లేదు, ఆ చోట పాట శ్రుతి దారి మారుతుంది, ఆ కార్డ్స్ సామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట పాడిన వేరే పాటలోంచి తెచ్చి అతికించారు. అంటే ఈవిడ చేతికొచ్చాక ఇల్లు పునాది ఒక్కటే పాతది, గోడలు కొత్తవి, కప్పు కొత్తది. జూన్ లో రెండు వారాలు నంబర్ వన్, తర్వాత రెండు గ్రామీలు. అదే జూన్ లో మాంటెరే ఫెస్టివల్ లో ఓటిస్ స్టేజి మీద ఒక అమ్మాయి నా పాట ఎత్తుకుపోయింది అని సరదాగా చెప్పి మరీ పాడాడు. డిసెంబర్ 10న విమాన ప్రమాదంలో పోయాడు పాపం, 26 ఏళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి, ఇది మీ వ్యాసంలో ఉండి తీరాల్సింది. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే డబ్బు వెళ్ళేది రాసినవాళ్ళకి, పబ్లిషర్ కి. పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి పైసా రాదు. అక్కడి చట్టమే అంత. రికార్డులు అమ్ముడైతే వాటా వస్తుంది, అది వేరే. కానీ 1967 నుంచి ఎన్ని వేల రేడియో స్టేషన్లు ఎన్ని లక్షల సార్లు 'రెస్పెక్ట్' వేసి ఉంటాయో, ఒక్కసారికి కూడా అరీథాకి ఏమీ రాలేదు, ఓటిస్ తరఫువాళ్ళకి వచ్చింది. ఓటిస్ కి రావటం తప్పని నేను అనట్లేదు, ఆయన రాశాడు, ఆయనకి రావాల్సిందే. కానీ ఆ స్పెల్లింగ్, ఆ వెనక గొంతులు, ఆ పియానో, అవి రాయటం కిందకి రావా? కాగితం మీద రాస్తేనే రాసినట్టా? శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోలు పాడినవాళ్ళకి కూడా ఇవ్వాలని 1995లో చట్టం వచ్చింది, కానీ 1972 ఫిబ్రవరికి ముందు రికార్డయిన పాటలకి ఫెడరల్ కాపీరైట్ రక్షణ లేకపోవటంతో ఆవిడ పెద్ద హిట్లు చాలావరకు అందులోనూ బయటే ఉండిపోయాయి. దాన్ని సరిచేసిన మ్యూజిక్ మోడర్నైజేషన్ యాక్ట్ మీద సంతకం అయింది 2018 అక్టోబర్ లో. ఆవిడ పోయింది ఆగస్టులో.

ఇది తెలిస్తే ఆ హ్యాండ్ బ్యాగ్ అర్థం అవుతుంది. మీరు దాన్ని "విచిత్రమైన అలవాటు" అని బాక్స్ కట్టి వేశారు, నవ్వుకోటానికి అన్నట్టు. పాడే ముందే డబ్బు క్యాష్ గా చేతికి రావాలి, అది బ్యాగ్ లో ఉండాలి, బ్యాగ్ ఆవిడ కళ్ళముందు ఉండాలి, స్టేజి మీద సరే, పియానో మీదైనా సరే. నల్ల కళాకారులు పాడి, జనం ఊగిపోయి, తీరా లెక్క దగ్గరికి వచ్చేసరికి మేనేజరో క్లబ్ ఓనరో మాయమైపోవటం చూస్తూ పెరిగిన తరం అది. ఇందులో విచిత్రం ఏముందో నాకైతే అర్థం కాలేదు.

సొంత పాటలు కూడా రాసింది, 'రాక్ స్టెడీ', 'డే డ్రీమింగ్', 'కాల్ మీ', 'స్పిరిట్ ఇన్ ద డార్క్' ఇవన్నీ ఆవిడవే, మీరు ఆవిడ రాయని పాటని ఆవిడకి ఇచ్చి రాసిన వాటిని వదిలేశారు, అదే నాకు బాగా కాలింది. 1971 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ వెస్ట్ లో మూడు రాత్రులు పాడింది, హిప్పీ కుర్రాళ్ళ హాలు అది. ఆఖరి రాత్రి ప్రేక్షకుల్లో ఉన్న గాయకుడు, పియానిస్ట్ రే చార్ల్స్ ని చెయ్యి పట్టుకుని స్టేజి మీదకి తెచ్చి తన ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చోబెట్టింది. ఆ రికార్డింగ్ దొరికితే వదలకండి. ఇద్దరూ చర్చిలోంచి వచ్చినవాళ్ళే, 'స్పిరిట్ ఇన్ ద డార్క్' సాగుతూ సాగుతూ ఉంటుంది, ఆపాలని ఎవరికీ ఉండదు, మన భజనలో ఒకాయన అందుకుంటే ఇంకొకాయన వదలనట్టు.

1972 జనవరిలో లాస్ ఏంజెలెస్ లో ఒక బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు. జేమ్స్ క్లీవ్‌లాండ్ పియానో, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాయిర్ అనే గాయక బృందం. 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్ అక్కడే పుట్టింది, 20 లక్షల కాపీలు దాటి అమ్ముడైంది, దాని మీద ప్రొడ్యూసర్ల పేర్లలో వెక్స్‌లర్, ఆరిఫ్ మార్డిన్ తో పాటు ఆవిడ పేరు కూడా ఉంది. సినిమా కూడా తీశారు, డైరెక్టర్ సిడ్నీ పొలాక్, కానీ షూటింగ్ లో క్లాప్ బోర్డులు కొట్టలేదు, దాంతో బొమ్మకీ సౌండ్ కీ లంకె కుదరక డబ్బాలన్నీ మూలన పడ్డాయి. ఎంత చిన్న తప్పు, ఎన్నేళ్ళు! తర్వాత టెక్నాలజీతో కలిపినా ఆవిడే కోర్టుకెళ్ళి ఆపించింది, చివరికి 2018లో ఆవిడ పోయాక బయటికొచ్చింది. అందులో నాకిష్టమైన చోటు ఒకటి చెబుతా. ఆవిడ పియానో ముందు కూర్చుని పాడుతూ ఉంటుంది, మొహమంతా చెమట, అప్పుడు నాన్న లేచి వచ్చి చేతిగుడ్డతో ఆ చెమట తుడుస్తాడు. ఆవిడ ఆపదు. వేళ్ళు కదులుతూనే ఉంటాయి. చిన్నప్పుడు చర్చిలో వాయిస్తుంటే ఎలా చూసుకునేవాడో అలాగే. ఏడేళ్ళ తర్వాత 1979లో ఆయన్ని సొంత ఇంట్లోనే దొంగలు కాల్చారు, 1984లో పోయేదాకా ఐదేళ్ళు కోమాలోనే, ఆవిడ అన్నీ సర్దుకుని డెట్రాయిట్ వచ్చేసింది ఆయన కోసం. అది తెలిసి ఆ సీన్ చూడటం కష్టం.

80ల గురించి మీరు బాగానే రాశారు, అరిస్టా కంపెనీ, 'ఫ్రీవే ఆఫ్ లవ్', జార్జ్ మైకేల్ తో పాట, 1987లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ లోకి వెళ్ళిన మొదటి మహిళ, అన్నీ కరెక్టే. ఆ కాలం డ్రమ్ మెషీన్లు నాకు పెద్దగా ఎక్కవు, అది నా గొడవ. విమానం భయంతో ఎక్కటం మానేసి బస్సులోనే దేశమంతా తిరిగిందని రాశారు, అదీ నిజమే. 1998 గ్రామీల్లో ఆపెరా గాయకుడు పావరొట్టికి ఒంట్లో బాలేక రాలేకపోతే అప్పటికప్పుడు ఆయన బదులు ఆయన కోసం సిద్ధం చేసిన ఆర్కెస్ట్రాతో, ఆయన శ్రుతిలోనే ఇటాలియన్ ఆపెరా పాట పాడేసింది, ఇది "అద్భుతం" అన్నారు. అద్భుతమే, కానీ రిహార్సల్ టేప్ విని ఆ కాస్త టైంలో పట్టుకోగలిగింది ఎందుకు? చిన్నప్పటి నుంచి చెవితో నేర్చుకున్న మనిషి కాబట్టి.

2015 డిసెంబర్, వాషింగ్టన్ లో కెనెడీ సెంటర్. ఆ రాత్రి సన్మానం కెరోల్ కింగ్ కి, 'నాచురల్ వుమన్' పాట రాసినవాళ్ళలో ఒకరు. అరీథాకి అప్పుడు 73. నేల తాకే ఫర్ కోటు వేసుకుని నడుచుకుంటూ వచ్చి, చేతిలో బ్యాగ్ పియానో మీద పెట్టి, కూర్చుంది. మొదటి కార్డ్ పడగానే పైన బాల్కనీలో కెరోల్ కింగ్ కి కాళ్ళూ చేతులూ ఆడలేదు, పక్కన ఒబామా కళ్ళు తుడుచుకున్నాడు. చివర్లో లేచి ముందుకొచ్చి కోటు జారవిడిచేసింది, హాలు హాలంతా లేచి నిలబడింది. అందరూ ఆ కోటు గురించే చెబుతారు, మీరూ అదే చెప్పారు. కానీ అంతకుముందు రెండు నిమిషాలు, పియానో దగ్గర, ఆ పాటని ఎంత నెమ్మదిగా నడిపించిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ గొంతుకన్నా ముందు చెయ్యి మాట్లాడిందో చూడండి. 1967లో తను హిట్ చేసిన పాటే, కానీ దాని మీద ఇంకా పని చేస్తోంది.

2018 ఆగస్టు 16న డెట్రాయిట్ లో పోయింది, క్లోమం క్యాన్సర్ తో. మరుసటి ఏడాది పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. క్యాష్ విషయంలో అంత జాగ్రత్తగా ఉన్న మనిషి పద్ధతిగా విల్లు మాత్రం రాయించలేదు, చేత్తో రాసిన కాగితాలు దొరికాయి, అందులో ఒకటి సోఫా కుషన్ల కింద నోట్ బుక్ లో, దాని మీద కొడుకులు కోర్టుకెళ్ళి 2023 దాకా నడిచింది. మనుషులు అంతే, ఒక చోట తాళం వేస్తారు, ఇంకో చోట తలుపు తీసి పెడతారు.

సరే, నా రెండు సవరణలు. ఒకటి, 'రెస్పెక్ట్' రాసింది ఓటిస్ రెడ్డింగ్, దాన్ని ఇప్పుడు మనం వినే రూపంలోకి తెచ్చింది అరీథా ఫ్రాంక్లిన్, ఆవిడ అక్కచెల్లెళ్ళు. రెండోది, ఆ ఫోటో మళ్ళీ ఎప్పుడైనా వేస్తే కింద క్యాప్షన్ ఇలా పెట్టండి: "పియానో వాయిస్తూ పాడుతున్న అరీథా ఫ్రాంక్లిన్". ఒక లైన్ లోనే పడుతుంది, కొలిచి చూశాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు